తవిటయ్య చెయ్యి

మొదటి లకుముకి పడిపోయినప్పుడు నేను ఏడ్చాను. రెండోది పడినప్పుడు ఎదురొచ్చిన వాళ్లందర్నీ తిట్టాను. ఏడోది పడేనాటికి ఏడుపూ తిట్లూ రెండూ అయిపోయి, టీ తాగుతూ చూశాను.

లకుముకి అంటే ఇక్కడ పిట్ట కాదు, మేం కడుతున్న విమానం. అందులో మనిషి ఎక్కడు. నీళ్ల మీద ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నట్టుండి దూసుకుపోయే పిట్ట పేరును మా డైరెక్టర్ శేషాచలంగారు దీనికి పెట్టారు. హెలికాప్టర్‌లాగా ఉన్నచోటి నుంచే నిటారుగా లేస్తుంది. పైకి వెళ్లాక నాలుగు పంకాలూ ముందుకు వంగి, మామూలు విమానంలాగా రెక్కల మీద పోతుంది. తుఫానులో చిక్కుకున్న పడవ దాకా పోవాలంటే రెక్కలుండాలి. అక్కడికి పోయి తాడూ మంచినీళ్లూ దించాలంటే గాల్లో నిలబడటం రావాలి. రెండూ ఒకే యంత్రానికి నేర్పుదామని మా ఆశ.

ఆశకేం, బాగానే ఉంది. చిక్కంతా మధ్యలో ఉంది. పంకాలు వంగేటప్పుడు నాలుగు సెకన్లపాటు ఆ బరువును మోసే దిక్కుండదు. పంకాలు వదిలేసి ఉంటాయి, రెక్కలకు ఇంకా గాలి అంది ఉండదు. ఆ నాలుగు సెకన్ల మీదే నాకు డాక్టరేట్ ఇచ్చారు. ఇచ్చినవాళ్లు ఏడు విమానాలు పడిపోవడం చూసి ఉంటే వెనక్కి తీసుకునేవాళ్లే.

శ్రీకాకుళం తీరంలో నీలాలపేట ఇసుక మీద మా రేకుల షెడ్డు. విమానం సముద్రంలో పడినప్పుడల్లా ముక్కలు ఏరుకురావడానికి ఊళ్లోని మైలపల్లి తవిటయ్యను పెట్టుకున్నాం. నలభై ఏళ్లుంటాయి. అతనికి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే, నాలుగోవాడైనా దక్కాలని తల్లి అతన్ని చేటలో పెట్టి పొరుగావిడకు గుప్పెడు తవుడుకు అమ్మేసి, మళ్లీ కొనుక్కుందట. అందుకే ఆ పేరు. చావుకి తన లెక్క తెలీదని చెప్పుకుని నవ్వేవాడు.

ఏడోదాని రెక్క భుజాన వేసుకుని, నీళ్లోడుతూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అమ్మగోరూ, నానొక మాట సెప్తే కోప్పడరు గదా?"

"కోప్పడతాను. చెప్పు."

"అది పడిపోతంటే మీరు పట్టుకుంటన్నారు. పట్టుకోకండి. పడనియ్యండి."

"పడితే ఏమవుతుందో నీ భుజం మీదే ఉంది కదయ్యా!"

"అలగ కాదమ్మా. తెడ్డేసుకుంటా కెరటం దాటీసి, అప్పుడు తెరసాప ఎత్తుతాం గదా. ఆ కూసింత సేపు నావకి తెడ్డూ నేదు, గాలీ నేదు. అప్పుడు నావని నిలబెట్టీయాలని సూసినోడు మునిగిపోతాడు. కెరటం ఈపు మీంచి ఒక బారెడు జారనిచ్చీయాల. జారితే దానికే ఊపొత్తాది. అప్పుడు సాప పట్టుకుంటాది."

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. హైమవతి అని మంచుకొండ కూతురి పేరు పెట్టిన మా నాన్న ఏ ఆశతో పెట్టాడో తెలీదు. ఎనిమిదో లకుముకి రిమోట్ తీసి అతని చేతిలో పెట్టి, నడిపి చూపించమన్నాను. నడపలేక నోరు మూసుకుంటాడని ఇచ్చాను, పెద్ద మనసుతో ఏం కాదు.

రెండు రోజులు పైకి లేపడం, దించడం నేర్చుకున్నాడు. మూడోనాడు పంకాలు వంచాడు. విమానం ఒక్క బారెడు కిందికి పడింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది రెక్కల మీద, ఏమీ జరగనట్టు, ఉత్తరానికి పోతోంది. శేషాచలంగారి చేతిలోని టీ ఆయన చొక్కా మీదుంది.

ఎంత పడనివ్వాలి, ఎప్పుడు ఆపాలి అనేది గాలిని బట్టి ప్రతిసారీ మారేది. దాన్ని లెక్కలో పెట్టాలని నెల రోజులు కొట్టుకున్నాను. తవిటయ్యను అడిగితే, "సెయ్యికి తెలుస్తాదమ్మా, నాకు తెల్దు" అనేవాడు. చివరికి ఆ చేతినే నకలు తీసుకుందామని నిశ్చయించుకున్నాం.

ముంజేతికి ఒక పట్టీ, మెడ వెనక రూపాయంత బిళ్ల. వేలు కదలకముందే నరంలో పుట్టే కదలికను అవి పట్టుకునేవి. ఊపిరి బిగించడం, గుండె దడ, భయం, భయం తీరాక వచ్చే ఆ చిన్న నిట్టూర్పు, అన్నీ రాసుకునేవి. పదకొండు నెలలు. రెండువేల సార్లకు పైగా పడనిచ్చి లేపాడు. యంత్రం అతని పక్కనే కూర్చున్న శిష్యుడిలాగా ఒక్కొక్కటీ నేర్చుకుంది.

అతనిదొక పాడలవాటు ఉండేది. సాయంత్రం ఆఖరి విమానాన్ని దించేముందు ఊరి వైపు తిప్పి, తన ఇంటి మీదుగా తీసుకెళ్లి, ఎడమ రెక్కను రెండుసార్లు వంచేవాడు. వేట నుంచి వచ్చేటప్పుడు దూరం నుంచే తెడ్డును ఎడమవైపు రెండుసార్లు ఊపితే, ఒడ్డున చూస్తున్న పెళ్లాం దానమ్మ వెళ్లి పొయ్యి రాజేసేదట. అదే అలవాటు ఇక్కడికీ తెచ్చాడు.

"బ్యాటరీ దండగ చేస్తున్నావు తవిటయ్యా."

"ఏడేడిగా అన్నం తింటానమ్మా, ఏటనుకోకండి."

ఆ వంపులన్నింటినీ రికార్డుల్లోంచి నేనే ఒక్కొక్కటిగా కోసి పారేశాను. పనికిరాని సరుకు యంత్రానికి నేర్పడమెందుకని. ఒక్కటి కూడా మిగల్చలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాకు మతి లేదని తర్వాత మీరు అనుకోకుండా ఉండటానికి చెబుతున్నాను.

చైత్రంలో ఒక మంగళవారం గాలి బాగా హెచ్చుగా ఉంది. అంత గాలిలో చేసిన రికార్డు మా దగ్గర లేదు. తవిటయ్యను పిలిపించాను. కొత్త చొక్కా వేసుకుని, నుదుట పసుపుతో వచ్చాడు. చూశాను, అడగలేదు.

పంకాలు వంచాడు. విమానం పడింది. ఎప్పుడూ పడేదానికన్నా ఇంకో రెండు బారలు ఎక్కువ పడింది. నా చేతిలో రెండో రిమోట్ ఉంటుంది, ఆపదలో నేను అందుకోవడానికి. భయపడి అందుకున్నాను. పట్టుకోవద్దని చెప్పినవాడు పక్కనే ఉండగా పట్టుకున్నాను. అది అటూ ఇటూ ఊగి, ఒడ్డుకు రెండు మైళ్ల దూరంలో పడిపోయింది.

"ఒగ్గెయ్యాల్సిందమ్మా, లేచీసేది" అన్నాడు. 

ఆ విమానంలో రికార్డు పెట్టె ఉంది. ఉప్పునీళ్లలో రెండు మూడు గంటలుంటే అందులో ఉన్నదంతా పోతుంది. "ఇప్పుడే వెళ్లి తేగలవా?" అని అడిగాను.

ఊరి వైపు చూశాడు. అటు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. "ఎల్లొచ్చెత్తాను" అన్నాడు.

మా గోడ మీది క్యాలెండర్‌లో అది మంగళవారం. ఊళ్లో గంగమ్మ పండగ. ఏడాదిలో ఆ ఒక్కరోజు నీలాలపేట వాళ్లు సముద్రంలో కాలు పెట్టరు. గంగమ్మ తల్లిని ఆ రోజైనా ఒంటరిగా వదలాలంటారు. ఎప్పుడూ తోడు వెళ్లేవాళ్లు ఆ రోజు రామన్నారు. తవిటయ్య ఒక్కడే వెళ్లాడు. వద్దని అతను నాతో అనలేదు, ఎందుకంటే నేను అడిగితే కాదనే అలవాటు అతనికి లేదు. ఏడాదిపాటు ఆ ఊళ్లో ఉండి, వాళ్ల పండగ ఏదో నాకు తెలీదు. ఇంతకన్నా చదువుకున్న మూర్ఖత్వం ఎక్కడుంటుంది?

రెండో రోజున నావ దానంతటదే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులో మనిషి లేడు. రికార్డు పెట్టె మాత్రం ఉంది. తడవకుండా తువ్వాలులో చుట్టి, అడ్డకర్రకు రెండు ముళ్లు వేసి కట్టి ఉంది.

వలలు వేసి వెతికారు. మనిషి దొరకలేదు. ఆ పెట్టెలో ఉన్నదానితోనే మా నకలు పూర్తయింది. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ జరిగింది ఇదే.

నెలన్నర తర్వాత, రిమోట్ మీద ఎవరి చెయ్యీ లేకుండా లకుముకి మొదటిసారి ఎగిరింది. లేచింది, ఒక బారెడు జారింది, రెక్కల మీద సాగిపోయింది. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పావుగంట తిరిగి, సాయంత్రం అయిదున్నరకు వెనక్కి వచ్చింది. దిగాల్సిన చోటు షెడ్డు ముందు. అది షెడ్డు దాటి ఊరి వైపు తిరిగింది.

వరసలో నాలుగో ఇంటి మీదకు పోయి, ఎడమ రెక్క వంచింది. మళ్లీ వంచింది. తర్వాత బుద్ధిగా వచ్చి షెడ్డు ముందు దిగింది.

"గాలివాటం అయ్యుంటుంది" అన్నారు శేషాచలంగారు. ఆయన ముఖం పాలిపోయింది.

నేను ఊళ్లోకి పరిగెత్తాను. నాలుగో ఇంటి ముందు దానమ్మ కూర్చుని పొయ్యి ఊదుతోంది. ఎసరు పెట్టింది. నన్ను చూసి లేచి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నెలన్నరగా ఆమె పొయ్యి వెలిగించలేదని, అత్త పెట్టిందే రెండు మెతుకులు తింటోందని విన్నాను.

"అమ్మగోరూ, ఆడొచ్చినాడు" అంది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. "శవం నేకపోయినా కర్మ సేసెత్తామని అత్త పోరుతంది. నాను సెయ్యనివ్వనేదు. సూసినారా మరి?"

అది యంత్రం అని చెప్పడానికే వెళ్లాను. చెప్పలేదు. ఆమె వేడన్నం ఒక ముద్ద పెట్టింది, తిన్నాను.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే. ఎగరేసినప్పుడల్లా నాలుగో ఇంటికి పోయేది, రెండుసార్లు వంగేది. దానమ్మ పొయ్యి వెలిగించేది, ఇద్దరికీ వండేది, ఒక పళ్లెం మూతపెట్టి ఉంచేది. ఊళ్లో కొందరు దండం పెట్టారు, కొందరు తలుపులు వేసుకున్నారు. దానమ్మ మనిషైంది. చేపల బుట్ట ఎత్తుకుని మళ్లీ సంతకు పోవడం మొదలెట్టింది. నేను చేసిన పాపానికి ఇదొక పరిహారం అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టేది మరి.

జ్యేష్ఠంలో ఇంకో లకుముకి తయారైంది. అదే నకలును అందులోనూ పెట్టాం. రెండింటినీ కలిపి ఎగరేశాం. సాయంత్రం రెండూ ఒకదాని వెనక ఒకటి ఊరి వైపు తిరుగుతుంటే గానీ నా బుర్రకు తట్టలేదు. అప్పటికి ఆలస్యమైపోయింది.

మర్నాడు పొద్దున్నే దానమ్మ షెడ్డుకు వచ్చింది. అంతకుముందు ఎన్నడూ మా గడప తొక్కలేదు. రెండు విమానాలూ పక్కపక్కన ఉన్నాయి. వాటిని కాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"ఇద్దరెలగొచ్చినారమ్మా? నా మొగుడొక్కడే గదా."

ఇక దాచలేకపోయాను. పట్టీ, బిళ్ల, పదకొండు నెలలు, నకలు, అన్నీ చెప్పాను. నరాలూ లెక్కలూ ఆమెకు ఎక్కలేదు గానీ, అసలు సంగతి నాకన్నా ముందు ఎక్కింది.

"అయితే ఆడి సెయ్యి మీకాడున్నాది."

"దాని నకలు ఉంది."

"ఆ సెయ్యి ఇంకా పని సేత్తన్నాది."

"అవును."

"ఇంకెన్ని సేత్తారమ్మా ఇలాటియ్యి?"

"నలభై."

"నలపయ్యీ ఈడకే వత్తాయా?"

"లేదు దానమ్మా. దేశమంతా పంపిస్తారు. కొన్ని కొండల్లోకి, కొన్ని ఎడారిలోకి."

ఆమె నేల మీద కూలబడింది. "ఓలమ్మో! నలపై మందిని సేసి, తలోదిక్కూ ఒగ్గెత్తారా? ఆడు పొద్దుగూకితే ఇంటికి రావాలనుకుంటాడమ్మా, ఆడికి ఇంకేటీ తెల్దు. కొండల్లో ఉన్నోడు ఎలగొత్తాడు? దారి తెల్దు గదా ఆడికి!"

అంతవరకూ ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆ పొద్దున ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఆడ్ని ఒగ్గెయ్యండి" అని రెండు చేతులూ జోడించి, వెళ్లిపోయింది.

నేను చేయగలిగిందల్లా చేశాను. ముందు నకల్లోంచి ఇంటి వైపు తిరిగే ముక్కను మాత్రం కోసేద్దామనుకున్నాను. చేతి పనితనం ఉంచుకుని, బెంగ తీసేద్దామని. మూడు వారాలు కూర్చుని ఆ జాడ ఎక్కడుందో వెతికి పట్టుకుని తీసేశాను. లకుముకి లేచింది, పంకాలు వంచింది, ఒక బారెడు పడింది. ఇంకో బారెడు పడింది. అలా పడుతూనే పోయింది. లేవాలన్న ప్రయత్నమే లేదు. తర్వాత రికార్డు విప్పి చూస్తే, లేవాల్సిన చోట ఆ చెయ్యి ఊరికే పడి ఉంది.

అప్పుడు అర్థమైంది. పడేదాన్ని లేపింది పనితనం కాదు. సాయంత్రం ఇంటికి పోవాలన్న ఆత్రమే అతన్ని రెండువేల సార్లూ పైకి లేపింది. రెండూ ఒకే నరం. వంపులను రికార్డుల్లోంచి నేను కోసేస్తే ఏం లాభం, అవి ప్రతి పడటంలోనూ, ప్రతి లేవడంలోనూ ఉన్నాయి.

పడినదాన్ని బాగుచేసి, కొయ్యని పాత నకలునే మళ్లీ అందులో పెట్టాను. ఈలోగా శేషాచలంగారు రెండోదాన్ని అనంతపురం బీళ్లలో పరీక్షకు పంపారు. చెప్పిన పనంతా చేసిందట. పని అయ్యాక దిగకుండా తూర్పుకు తిరిగి, బ్యాటరీ అయిపోయేదాకా పోయి, ఒక వేరుశనగ చేలో పడింది. ఆ రైతు ఫోన్ చేశాడు. "మీదేనా మేడమ్ ఇది? చేను పైన ఎడమపక్కకి రెండు తూర్లు వొంగి పడిపాయ. పక్షి అనుకుంటిమి. ఎవురికో చెయ్యెత్తి చెప్పినట్టు ఉండె" అన్నాడు. దానమ్మ చెప్పింది చెప్పినట్టు జరిగింది.

"నకలు తుడిచేద్దాం సార్" అన్నాను శేషాచలంగారితో.

"మతి పోయిందా హైమవతిగారూ? ఆశ్వయుజానికి తుఫాన్లు మొదలవుతాయి. పోయిన ఏడాది ఎంతమంది పడవలతో సహా పోయారో మీకు తెలీదా? చచ్చిపోయినవాడి అలవాటు కోసం బతికున్నవాళ్లను వదిలేద్దామా?"

ఆయన మాటలో తప్పులేదు. అదే నాకు మండిపోయింది. తప్పున్నవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

"అతన్ని అడిగి తీసుకున్నామా సార్, చచ్చాక కూడా పని చేస్తావా అని? ఒకసారి పండగపూట పంపించి చంపాను. ఇప్పుడు నలభై మందిని చేసి, నలభై చోట్ల, ప్రతి సాయంత్రం చంపమంటారా?"

ఆయన అవునని అనలేదు. ఆయన అవుననేదాకా ఆగితే నాలుగు సంతకాలు, ఆరు మీటింగులు. నేను ఆగలేదు.

ఆ మధ్యాహ్నమే దానమ్మ దగ్గరికి వెళ్లి, తుడిచేస్తానని చెప్పాను.

"ఆడికి నొప్పెడతాదా?"

"తెలీదు దానమ్మా."

ఆలోచించింది. "ఎప్పుడూ పైపైనే వచ్చి ఎల్లిపోతన్నాడు. ఈసారి ఇంటికాడ దించండి" అంది.

దించాను. సాయంత్రం అయిదున్నరకు లకుముకి నాలుగో ఇంటి మీదకు వచ్చి, రెండుసార్లు వంగింది. షెడ్డుకు పోకుండా ఆపి, వాకిట్లోకి దింపాను. ఇసుక లేచింది. పంకాలు ఆగాయి. దానమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. మెల్లగా దగ్గరికొచ్చి, రెక్క మీద అరచెయ్యి ఆనించింది. మోటారు సెగ తగిలింది కాబోలు, "ఏడిగున్నాడు" అంది. చెంబుతో నీళ్లు తెచ్చి రెక్కల మీద పోసింది, బయటి నుంచి వచ్చినవాడికి కాళ్లకు పోసినట్టు. తర్వాత వంగి, నాకు వినబడనంత మెల్లగా ఏదో చెప్పింది. ఆఖరి మాట మాత్రం విన్నాను.

"ఇంకెల్లు మావా."

అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి నకలు తుడిచేశాను. రెండో కాపీ, మూడో కాపీ, అలమారలో ఉన్నదీ, అన్నీ. అంతా కలిపి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలూ దానమ్మ రెక్క మీంచి చెయ్యి తియ్యలేదు. మర్నాడు వాళ్లు ఒడ్డున కర్మ చేశారు.

శేషాచలంగారు నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండేదనిపించేంత మెత్తగా మాట్లాడారు.

"మూడు నెలలు టైముంది. ఆ నాలుగు సెకన్లనూ అతని తర్వాత అంత దగ్గరగా చూసింది మీరే. మీ చెయ్యి పెట్టండి."

నా చెయ్యి! విమానం పడగానే పట్టుకునే చెయ్యి అది. పైగా, పడ్డాక లేవడానికి ఏదో ఒకటి లాగాలి కదా. నన్ను లాగేదేముంది? క్వార్టర్స్‌లో ఒక స్టవ్వు, ఒక కుర్చీ, నేను ఉన్నా లేకున్నా పట్టించుకోని ఒక పిల్లి. సాయంత్రమైతే ఇంటికి పోవాలనే తొందర నాకు ఎన్నడూ లేదు. ఇది అయ్యే పని కాదన్నాను. అయినా పట్టీ కట్టుకున్నాను.

మొదటి నెలంతా పట్టుకున్నాను, పడేశాను. రెండో నెలలో ఒకరోజు, పడుతున్నదాన్ని చూస్తూ, తవిటయ్య "ఒగ్గెయ్యాల్సిందమ్మా" అన్న మాట గుర్తొచ్చింది. వదిలేశాను. పడింది. ఆగింది. లేచింది. ఏది లేపిందో నాకు తెలీలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, లేచింది కదా అని సంతోషించాను. ఆ తర్వాత వరసగా ఎనిమిది వందలసార్లు లేచింది. చెయ్యికి తెలుస్తుంది, నాకు తెలీదు అని నేనూ అనడం మొదలుపెట్టాను.

ఆశ్వయుజంలో, ఎండగా ఉన్న ఒక ఉదయం, నా చేతి నకలు ఒంటరిగా ఎగిరింది. ఒడ్డున ఊరంతా ఉంది. దానమ్మ నా పక్కనే వచ్చి నిలబడింది. సముద్రంలో మైలున్నర దూరంలో ఒక ఖాళీ పడవను లంగరు వేసి ఉంచాం. దాని మీద తాడు దించి వెనక్కి రావాలి, అంతే పని. లేచింది, జారింది, సాగిపోయింది, పడవ మీద నిలబడింది, తాడు దించింది. శేషాచలంగారు నా భుజం తట్టారు. ఇక చాలు, ఈ ఒక్కటి నిలబడింది, రేపు ఎవరో ఒకరు దీని తాడు పట్టుకుని బతుకుతారు అనుకున్నాను.

లకుముకి వెనక్కి రాలేదు.

పడవను దాటి ఇంకా లోపలికి పోయింది. ఇంకో అర మైలు పోయి, నీళ్లకు బారెడు ఎత్తున ఆగింది. ముక్కు కిందికి వంచింది. కొంచెం పక్కకు జరిగింది, మళ్లీ ఆగి ముక్కు వంచింది. ఇంకొంచెం జరిగింది. చాపలో పడిన సూదిని వెతుక్కునే మనిషిలాగా, జానెడు జానెడు జరుగుతూ, ఆ నీళ్లను వెతుకుతోంది.

"అక్కడేముంది? దేన్ని చూస్తోంది?" అని శేషాచలంగారు అడుగుతున్నారు.

అక్కడేముందో నాకు తెలుసు. ఒడ్డున ఉన్న అందరికీ తెలుసు. గంగమ్మ పండగనాడు విమానం పడింది అక్కడే, తవిటయ్య వెళ్లింది అక్కడికే. నన్ను ఎనిమిది వందలసార్లు పైకి లేపిందేదో అప్పుడు చూశాను. సిగ్గు ముంచుకొచ్చింది, దుఃఖం ముంచుకొచ్చింది. ఊరందరి ముందు నా గుండె విప్పి ఎండలో ఆరేసినట్టుంది.

తెర మీద బ్యాటరీ ఇరవై శాతానికి వచ్చింది. తర్వాత పద్దెనిమిది.

దానమ్మ నా ముంజేతిని పట్టుకుంది. పట్టీ కట్టుకునే చోటే పట్టుకుంది. చూపు మాత్రం సముద్రం మీదే ఉంది.

"ఆడు దొరకడమ్మా" అంది. "నాను సూసి సూసి ఒగ్గేసినాను. నువ్వూ ఒచ్చీయి. ఇంటికొచ్చీయి, నాను వండుతాను."

వెనక్కి పిలిచే మీట నొక్కాను. లకుముకి అక్కడి నుంచి కదల్లేదు. ఇంకోసారి నొక్కాను. రిమోట్ చేతిలోకి తీసుకుని, మూడోసారి మీట మీద వేలు పెట్టినప్పుడు, ఆ వేలికి నొక్కాలని లేదని తెలిసింది.